రోల్ నంబర్లతో కట్టిన గుట్ట

కొత్తగా పాఠాలు చెప్పడానికి చేరిన పిల్లలు అప్పుడప్పుడు హనుమకొండలో మా ఇంటికి వస్తుంటారు. వాళ్లు లెక్చరర్లే, అయినా నాకు పిల్లలే. చాయ్ తాగుతారు, బిస్కెట్లు తింటారు, లేవబోతూ గుర్తొచ్చినట్టు ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, నార్మల్ కర్వ్ పిల్లలకు అర్థమయ్యేటట్టు ఎట్ల చెప్పాలె?" ఏళ్ల తరబడి స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషిని కదా, నా దగ్గర ఏదో కిటుకు ఉందని వాళ్ల ఆశ. కిటుకు ఉంది. అయితే అది నాది కాదు. ఎవరిదో చెప్పాలంటే మా ప్రిన్సిపల్ గారు మార్కులతో గుట్ట కట్టించిన సంగతి మొదటి నుంచీ చెప్పాలి. ఒక్క చాయ్‌తో తెమిలే ముచ్చట కాదది, అందుకే రాసి పెడుతున్నాను. కాలేజీ పేరు మాత్రం అడక్కండి. ఇందులో ఉన్నవాళ్లు కొందరు ఇప్పటికీ పొద్దున నడకలో నాకు ఎదురుపడుతుంటారు.

ముందు మా కాలేజీ ఆచారం ఒకటి మీకు తెలియాలి. డిగ్రీలో ప్రతి సబ్జెక్టుకూ ఇరవై ఇంటర్నల్ మార్కులుండేవి. పాఠం చెప్పిన లెక్చరరే పరీక్ష పెట్టాలి, తనే దిద్ది మార్కులు వేయాలి. మా దగ్గర ఆ ఇరవైకి అందరికీ పంతొమ్మిది. రోజూ క్లాసుకు వచ్చినవాడికి పంతొమ్మిది, రానివాడికీ పంతొమ్మిదే. పరీక్ష రోజు జాతరకు పోయినవాడికి కూడా పంతొమ్మిదే. పూర్తి ఇరవై వేస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని ఒకటి తగ్గించేవాళ్లు. మా వాళ్ల నిజాయితీ అంతా ఆ ఒక్క మార్కులోనే ఉండేది.

నేను మాత్రం పేపర్లు దిద్ది, ఎవరికి ఎన్ని వస్తే అన్నే వేసేదాన్ని. అందుకు స్టాఫ్ రూంలో నాకు పిసినారి మేడమ్ అని పేరు. నా వెనకే అనుకునేవాళ్లు, కాకపోతే నాకు వినపడేటంత దగ్గరగా.

ఆ ఏడాది కాలేజీని చూసిపోవడానికి పైనుంచి ఒక కమిటీ వచ్చింది. అందులో పెద్దాయన మా మార్కులు చూసి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చూసి, "ఏమండీ, మీ పిల్లలంతా ఒకే కాన్పులో పుట్టారా?" అని అడిగాడు. మా ప్రిన్సిపల్ గారి మొహం మాడిపోయింది. ఆయన మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. కాలేజీ కోసం ప్రాణం పెట్టేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. శనివారం ఎక్కడ ఏం విన్నా సోమవారం మా మీద ప్రయోగించేవాడు. ఒకసారి పచ్చదనం మీద ఉపన్యాసం విని వచ్చి, మనిషికో పూలకుండీ ఇచ్చి, మొక్క ఎండబెట్టిన వాళ్లకు మెమోలు ఇచ్చాడు. నాది కూడా ఎండింది. ఇంకోసారి యోగా గురించి విని, మొదటి పీరియడ్‌కు ముందు మా అందరి చేత గాలి పీల్పించి వదిలించాడు. కమిటీ పోయిన వారానికే హైదరాబాద్‌లో ఏదో ట్రైనింగ్ ఉందంటే పరుగున వెళ్లాడు. వెళ్లినవాడు ఉత్తచేతులతో వస్తాడా? గుట్టతో వచ్చాడు.

స్టాఫ్ మీటింగ్ పెట్టాడు. తెల్లబోర్డు మీద ఎర్ర మార్కర్‌తో, నాలుక కొరుక్కుంటూ, ఎడమ నుంచి కుడికి నున్నటి గుట్ట ఒకటి గీశాడు, మేం నార్మల్ కర్వ్ అనేది అదే. వెనక్కి జరిగి ముచ్చటగా చూసుకున్నాడు.

"చూడుండ్రి. ప్రకృతిల ఏది తీసుకున్నా గిట్లనే ఉంటదట. మనుషుల ఎత్తు గానీ, బరువు గానీ, తెలివి గానీ. నడుమల మస్తు మంది, అటుకొసకు ఇటుకొసకు కొద్దిమంది. ఇగ మన ఇంటర్నల్ మార్కులు కూడ గిట్లనే రావాలె. ఈసారి కమిటోల్లు వచ్చి చూస్తే నోరెళ్లబెట్టాలె."

ఆయన చెప్పిన దాంట్లో ముప్పాతిక నిజమే. మనుషుల ఎత్తులు నిజంగానే అలా ఉంటాయి. నేను లేచి, "సార్, గీత కింద ఏమున్నది?" అన్నాను.

"ఏముంటది మేడమ్, బోర్డున్నది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"అది కాదు సార్. అడ్డగీత మీద ఏం రాయాలె, నిలువుగీత మీద ఏం రాయాలె? అది రాయకపోతే ఇది ఉత్త బొమ్మ."

"మేడమ్, మీరు ప్రతిదాన్ని స్టాటిస్టిక్స్ చేస్తరు," అని ఆయన చాయ్ తెమ్మని అటెండర్‌ను కేకేశాడు. చాయ్ వచ్చిందంటే మా కాలేజీలో మీటింగ్ అయిపోయినట్టే.

మర్నాడే నాకు వేరే ఊరి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు చేయించే డ్యూటీ పడింది. దిద్దాల్సిన ఇంటర్నల్ పేపర్లు సంచిలో పెట్టుకుని వెళ్లాను. అక్కడే దిద్దుకున్నాను. తిరిగి వచ్చిన రోజు మార్కులను యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఎక్కించడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు అది మూసుకుంటుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా ఒక్క అంకె మార్చలేడు.

మెట్ల దగ్గరే మా రెండో సంవత్సరం పిల్లలు కొందరు నన్ను చుట్టుముట్టారు. ముందు నిలబడింది ఇద్దరు. ఒకడు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ పాసింజర్‌లో వచ్చే పిల్లవాడు. అడ్మిషన్లు మొదలైన రోజు క్లర్కుకన్నా ముందే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు కాబట్టి వాడిది రోల్ నంబర్ ఒకటి. రెండో మనిషి ములుగు దాటి లోపలి ఊరి నుంచి వచ్చిన ఆడపిల్ల. అడ్మిషన్ల సమయంలో రోడ్డు మీదికి వాగు పొంగి, అది తగ్గేదాకా ఆగి, ఆఖరి రోజు ఆఖరి గంటలో చేరింది. అందుకే ఆమెది చిట్టచివరి నంబరు. క్లాసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, లాస్ట్ నంబర్ అనే అనేవాళ్లు. ఆమె కూడా పలికేది.

"మేడమ్, మేం ఫెయిలా?" అన్నాడు మొదటి నంబరు.

"ఏంది ఫెయిల్?"

"ఇంటర్నల్ల మేడమ్. నోటీసు బోర్డు మీద పెట్టిండ్రు. మీ సబ్జెక్టు తప్ప అన్నిట్ల నాకు ఐదు, ఐదు, ఐదు. ఎనిమిదొస్తె గద పాసు?"

"నీకెన్ని బిడ్డా?" అని లాస్ట్ నంబర్‌ను అడిగాను.

"నాకు గూడ ఐదే మేడమ్. అన్నిట్ల." ఆమె ఏడవలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుతోంది, విప్పుతోంది. "గిట్ల తప్పితె హాస్టల్ సీటు తీసేస్తరట. మా వార్డెన్ మేడమ్ పొద్దుగాలనే అన్నది. సీటు పోతె ఇగ ఇంటికే మేడమ్. బయట రూం తీసుకొని ఉండె తాకత్ మాకు లేదు. మా అమ్మ ఈ మాట వింటె రేపే బస్సెక్కి వచ్చి తోల్కపోతది."

క్లాసులో బాగా చదివే పిల్లల్లో ఆమె ఒకతె. అన్నిట్లో ఐదేమిటి? నాకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడే పళ్లికిలిస్తూ ఒక మహానుభావుడు అటుగా వచ్చాడు.

"మేడమ్, నాకు అన్నిట్ల ఇరవై! కంప్యూటర్ పరీక్ష నేను రాయనే లేదు, అయినా ఇరవై!"

"నీ నంబరెంతరా?"

"ముప్పై మేడమ్."

క్లాసులో అరవై మంది. ఒకటో నంబరుకు ఐదు, అరవయ్యో నంబరుకు ఐదు, నట్టనడుమ ముప్పయ్యో నంబరుకు ఇరవై. సంచితోనే స్టాఫ్ రూంకి ఉరికాను.

మా తెలుగు సారు కిటికీ పక్కన కూర్చుని వక్కపొడి నములుతున్నాడు. పాఠం చెబితే క్లాసులో అందరికీ కళ్లు చెమర్చేవి, అంత బాగా చెప్పేవాడు. లెక్కలంటే మాత్రం ఆయనకు చిన్నప్పటి నుంచీ పగ.

"సార్, మార్కులు ఎట్లేసిండ్రు?"

ఆయన మొహం వెలిగిపోయింది. "మీరే అడగాలి మేడమ్. చూడండి ఎంత కష్టపడ్డానో," అని సొరుగులోంచి గ్రాఫ్ కాగితం తీశాడు. అడుగున వరసగా ఒకటి నుంచి అరవై వరకు రోల్ నంబర్లు. పక్కన మార్కులు. ప్రిన్సిపల్ గారి గుట్టకు అచ్చు దించినట్టు పెన్సిల్ గీత. "ఒకటో నంబరు దగ్గర ఆరోహణ మొదలు. ముప్పయ్యో నంబరు శిఖరం. అక్కడి నుంచి క్రమంగా అవరోహణ. ఎక్కడా ఒక్క వంకర లేదు."

"మరి పిల్లలు రాసిన పరీక్ష?"

"రాశారు," అన్నాడాయన. "అది వేరే విషయం."

అంతటితో ఆగినా బాగుండు. తన పద్ధతి అందరికీ ఉపయోగపడుతుందని ఆ కాగితాన్ని ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. అందరూ దండాలు పెట్టి, చప్పట్లు కొట్టి, అవే మార్కులు దించుకున్నారు. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను. పొద్దునే గుడ్ మార్నింగులు పడలేక దాని నోరు నొక్కి పెట్టుకున్నాను కాబట్టి చూడలేదు.

మీకు ఇది తెలిసిన సంగతే, అయినా చెబుతాను. ఆ గుట్టలో అడుగున ఉండాల్సినవి మార్కులు. ఎత్తు చెప్పేది ఆ మార్కులు ఎంతమందికి వచ్చాయన్న లెక్క. రోల్ నంబరుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. మా వాళ్లు ఎవరు ముందు కాలేజీలో చేరారో, ఎవరు వెనక చేరారో చూసి మార్కులు పంచారు. వాగు రెండు రోజులు ముందు తగ్గి ఉంటే ఆ పిల్లకు అన్నిట్లో పదో పదిహేనో వచ్చేవి.

ప్రిన్సిపల్ గదికి వెళ్లాను. తెలుగు సారూ నా వెనకే వచ్చాడు. ఆ గుట్టను అప్పటికే ఫ్లెక్సీ కొట్టించి, కుర్చీ వెనక గోడకు పెట్టించాడు మా ప్రిన్సిపల్. నేను సంగతంతా చెప్పాను. ఆయన ఫ్లెక్సీ వంక చూశాడు, నా వంక చూశాడు.

"మంచిగనే ఉన్నది గద మేడమ్. గుట్ట గుట్ట లెక్కనే ఉన్నది."

"సార్, మన స్టాఫ్ హాజరు పుస్తకంల మొదటి పేరెవరిది?"

"నాదే."

"ఆఖరుది?"

"వాచ్‌మన్‌ది."

"ఈ లెక్కన ఇంక్రిమెంట్లు పంచితే మీకూ వాచ్‌మన్‌కూ ఒక్కటే వస్తది సార్. నట్టనడుమ నా పేరున్నది. నాకేం ఇబ్బంది లేదు."

తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్ దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయాడు. ప్రిన్సిపల్ గారు కాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. తెలివితక్కువవాడు కాదాయన, తప్పు అర్థమైంది. కానీ గుట్టను వదలబుద్ధి కాలేదు.

"సరే మేడమ్, నంబర్ల ముచ్చట తప్పే. అయితె తెలివిని బట్టి గుట్ట చేద్దాం. చదువు రానోల్లను కింద పెడదాం. ఎవరో కొందరు తప్పాలె గద?"

"ఎందుకు తప్పాలె సార్?"

"గుట్టకు అటుకొస ఉండొద్దా మరి? కమిటోల్లకు ఏం చూపియ్యాలె?"

"అందరికీ వస్తే?"

"గట్లెట్లొస్తది? ప్రకృతి ధర్మం ఒప్పుకోదు."

"పిలిచి అడుగుదాం సార్. అరవై మందిని అడిగే టైం లేదు. చీటీలు వేసి కొందర్ని పిలుద్దాం."

ఆయన కళ్లు చిన్నవి చేశాడు. "మీరు మంచోల్లను ఏరి పంపుతరు. నాకు తెల్వదా?"

"నేను ఏరి తెస్తే అది శాంపుల్ కాదు, సిఫారసు. చీటీలు మీరే తీయుండ్రి. కళ్లు మూసుకొని తీయుండ్రి."

అటెండర్ తన టిఫిన్ డబ్బా కడిగి తెచ్చాడు. అరవై చీటీలు రాసి, ఒక్కతీరుగా మడిచి, డబ్బాలో వేసి బాగా కుదిపాం. ఎంత కడిగినా పచ్చడి వాసన పోలేదు. ఆయన చెయ్యి డబ్బాలోకి పోతుంటే నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఆ లాస్ట్ నంబర్ రావాలి, వచ్చి గడగడా చెప్పాలి, ఈయన నోరు మూతపడాలి. ముందు ఎవరు వస్తారో తెలిస్తే అది శాంపుల్ కాదని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో నాకే లెక్కలేదు. అయినా దండం పెట్టుకున్నాను. ఆ పిల్ల సీటు పోతుందంటే సిద్ధాంతం ఎవరికి గుర్తుంటుంది?

ఆమె రాలేదు. మొదటి చీటీలో వచ్చింది వెనక బెంచీ చివర గోడకు ఆనుకుని కూర్చునే ఒక పిల్లవాడు. వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. వాడు నిద్రపోయే తీరు మాత్రం బాగా తెలుసు. ఇంకా ముగ్గురి చీటీలు తీశాడు. వాటిలోనూ ఆమె లేదు.

వెనక బెంచీవాడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రిన్సిపల్ గారు గోడ మీది ఫ్లెక్సీ చూపించాడు.

"ఇదేందిరా?"

"నార్మల్ కర్వ్ సార్."

"గట్లెందుకుంటది? నడుమల ఎత్తు, కొసలకు తక్కువ? చెప్పు."

వాడు తల గోక్కున్నాడు. అయిపోయింది అనుకున్నాను. వాడు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, "సార్, టేబుల్ మీద ఏయొచ్చా?" అన్నాడు.

"ఏంది ఏసుడు?"

గుప్పిట విప్పాడు. నాలుగు చింతగింజలు. ఒకవైపు నేలకు అరగదీసి తెల్లగా చేసినవి. అష్టాచెమ్మ ఆడే గింజలు.

"సార్, మీరు అష్టాచెమ్మ ఆడిన్రా ఎప్పుడన్న?"

"ఆడినవా అంటవేందిరా? మా వాడకట్టుల నన్ను ఓడగొట్టినోడు లేకుండె," అన్నాడు ప్రిన్సిపల్, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"అయితె ఊపి ఏయుండ్రి సార్. ఎన్ని తెల్లగ పడ్డయో నేను బోర్డు మీద గీత పెడ్త." వాడు వెళ్లి తెల్లబోర్డు మీద అడ్డగీత గీసి, దాని కింద సున్న, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాశాడు. గీత కింద ఏముందని నేను అడిగిన ప్రశ్నకు జవాబు నా కళ్లెదుట అలా పడింది.

ప్రిన్సిపల్ వేశాడు. రెండు తెల్లగా పడ్డాయి. వాడు రెండు మీద గీత పెట్టాడు. మళ్లీ వేశాడు, మూడు. మళ్లీ, రెండు. కాసేపటికి ఆయన షర్టు చేతులు మడిచాడు. "సార్, ఒక్కసారి నన్నూ వేయనివ్వండి," అని తెలుగు సారు గింజలు లాక్కున్నాడు. చప్పుడుకు పక్క గదుల వాళ్లు వచ్చారు. "గట్ల జార్చుడు కాదు, మంచిగ ఊపాలె!" "సారు తొండి ఆడుతాండు!" అని కేకలు. ఐదుకు వెబ్‌సైట్ మూసుకుంటుందన్న సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. బోర్డు మీద గీతల మీద గీతలు పేరుకున్నాయి. రెండు మీద అన్నిటికన్నా ఎత్తుగా, ఒకటి మీదా మూడు మీదా కాస్త తక్కువగా, సున్న మీదా నాలుగు మీదా ఏదో ఒకటీ అరా. చెయ్యి తిరిగినవాడు గీసినట్టు గుట్ట లేచింది.

"ఎందుకట్లొస్తాంది చెప్పు," అన్నాడు ప్రిన్సిపల్, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"సార్, నాలుగూ తెల్లగ పడాలంటె ఒక్కటే తీరు. నాలుగూ నల్లగ పడాలన్నా ఒక్కటే తీరు. రెండు తెల్లగ పడాలంటె ఏ రెండైన కావొచ్చు గద, ఆరు తీర్లున్నయి. అందుకే నడుమల ఎక్కువొస్తయి. ఇంకా మస్తు గింజలు ఊపితె గుట్ట ఇంకా నున్నగొస్తదట. గుట్ట ఎత్తంటె ఎన్నిసార్లు పడ్డదో గది సార్. ఎవరి నంబరూ కాదు."

తెలుగు సారు చేతిలోని గ్రాఫ్ కాగితాన్ని మెల్లగా నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. బోర్డు మీది గుట్ట కొంచెం ఒకవైపు ఒరిగి ఉంది. అరగదీసిన చింతగింజ నాణెమంత న్యాయంగా పడదు కదా. ఆ ఒరుగుడు ఆ గదిలో నాకొక్కదానికే కనపడింది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. నా జీవితంలో మొదటిసారి మింగేశాను.

"శభాష్‌రా! ఎవరు చెప్పిండ్రు నీకిది?" అన్నాడు ప్రిన్సిపల్.

నేను కొంగు సర్దుకున్నాను.

"లాస్ట్ నంబర్ చెప్పింది సార్."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు నా వైపు చూసి, పాపం, నన్ను బాధపెట్టొద్దనుకున్నాడు. "మేడమ్ గూడ చెప్పిండ్రు సార్. గప్పుడు నాకు నిద్ర పట్టింది."

మిగతా ముగ్గురినీ ఒక్కొక్కరిగా పిలిచారు. ఇద్దరు బాగానే చెప్పారు. ఒకమ్మాయి సగం చెప్పి నాలుక కరుచుకుంది, ఆ సగం మాత్రం తప్పు లేకుండా చెప్పింది. ఎవర్ని అడిగినా అదే మాట. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వెనక వరండాలో లాస్ట్ నంబర్ గింజలు వేయిస్తుంది. ఆడుకుంటూ చెబుతుంది. మా మ్యాథ్స్ లెక్చరర్ పాఠాలు కూడా అక్కడే అర్థమవుతాయట. చప్పుడుకు వచ్చి అక్కడే నిలబడ్డ ఆయన మొహం చూసి నాకు కొంచెం హాయి అనిపించింది.

ప్రిన్సిపల్ గారు ఆమెను పిలిపించాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. టేబుల్ మీద గింజలు చూసి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"సార్, అన్నం తిన్నంకనే ఆడినం. క్లాసుల ఎన్నడు ఆడలే. ఒట్టు సార్."

"లోపలికి రా బిడ్డా. నిన్ను ఏమంటలేను. ఒక్కటి చెప్పు." ఆయన బోర్డు చూపించాడు. "గింజలేస్తె ఎట్లైనా గిట్లనే వస్తాంది గద. మీ మార్కులు గూడ గిట్లనే రావాలె గద. అంటె ఎవరో కొందరు ఈ కొసకు పడాలె. అవునా కాదా?"

ఆమె బోర్డును చూసింది, టేబుల్‌ను చూసింది. భయం కాస్త తగ్గినట్టుంది, అర్థం కాని ప్రశ్న అడిగిన పెద్దమనిషిని చూసినట్టు చూసింది.

"గింజలు సదువుతయా సార్?"

"ఏంది?"

"గింజలకు ఏం తెల్వది సార్. ఎట్ల పడితె గట్ల పడ్తయి, అందుకే గుట్టొస్తది. మేం సదివినం గద. అందరం కూసొని సదివినం. ఇంకా గింజల లెక్కనే పడితె ఇగ సదివి ఏం ఫాయిదా?"

ఇన్నేళ్లలో నేను ఆ మాట ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో, చెప్పడానికి ఎన్ని సూత్రాలు బోర్డు నిండా రాశానో. ఈర్ష్య పడ్డాను, నిజమే చెబుతున్నాను. ఈర్ష్యకన్నా ఎక్కువగా సంతోషపడ్డాను.

ప్రిన్సిపల్ గారు గింజలు తీసుకుని ఊరికే ఊపి టేబుల్ మీద వేశాడు. నాలుగూ తెల్లగా పడ్డాయి.

"చెమ్మ!" అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఇంకో పందెం నాదే!"

అష్టాచెమ్మ తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. కొసలకు ఉండేవి ఈ రెండే, అరుదుగా పడేవీ ఇవే. ఇవి పడ్డవాళ్లకు ఇంకోసారి వేసే అవకాశం ఇస్తారు.

"చూసిండ్రా సార్," అన్నాను. "ఆటల కొసకు పడ్డోల్లకు ఇంకో పందెం ఇస్తరు. మనం కాలేజీల మార్కులు కోస్తున్నం."

ఆయన గింజలను ఏరి, తెల్లవైపు పైకి వచ్చేటట్టు టేబుల్ మీద వరసగా పేర్చాడు. తర్వాత గోడ గడియారం వైపు చూసి కుర్చీలోంచి దూకినంత పని చేశాడు.

"ఇంకా ఏం చూస్తాండ్రు అందరు? పేపర్లు తీయుండ్రి! ఎవరెన్ని రాస్తె అన్నే. గుట్టొస్తె గుట్ట, గుంతొస్తె గుంత. ఐదుకల్లా ఎక్కియ్యాలె!"

ఆ మధ్యాహ్నం మా కాలేజీలో ఒక వింత జరిగింది. లెక్చరర్లందరూ ఒకేసారి పేపర్లు దిద్దారు. కొందరి కట్టలు బీరువా మీద దుమ్ములో దొరికాయి. ఒకాయన కట్ట కూలర్ కింద ఎత్తు కోసం పెట్టి ఉంటే, అటెండర్ కూలర్‌ను భుజంతో లేపి పట్టుకున్నాడు. తెలుగు సారు దిద్దుతూ దిద్దుతూ కళ్లజోడు తీసి, "మేడమ్, వీళ్లు ఇంత బాగా రాస్తారని నాకు తెలియనే తెలియదు," అన్నాడు. ఇరవైలు మోసిన ముప్పయ్యో నంబరు కంప్యూటర్‌లో సున్నకు దిగి వచ్చి వరండాలో నిలబడి తల పట్టుకున్నాడు. పక్క నంబర్లవాళ్లు కొందరు కూడా తప్పారు, నిజంగా రాయక తప్పారు. వచ్చిన మార్కులు గుట్టలా లేవు. ఎక్కువ మార్కుల వైపు గుంపుగా పేరుకుని, తక్కువ మార్కుల వైపు సన్నటి తోకతో ఉన్నాయి. లాస్ట్ నంబర్ అన్నిట్లో మంచి మార్కులతో పాసయింది. హాస్టల్ వార్డెన్‌కు ప్రిన్సిపల్ గారే ఫోన్ చేసి, పొద్దున పెట్టిన మార్కులు తప్పని చెప్పాడు.

మిగిలింది నా సబ్జెక్టు ఒక్కటే. ప్రిన్సిపల్ గారు ఎప్పుడూ లేనిది స్టాఫ్ రూంకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "మేడమ్, ఆ పిల్లకు మీ దాంట్ల ఇరవై ఏసెయ్యుండ్రి. ఎవరు కాదంటరు?"

"రాస్తే వేస్తా సార్."

"పిసినారి మేడమ్ అని ఊరికనే అన్నరా," అని గొణుక్కుంటూ పోయాడు. ఆ పేరు ఆయనకు కూడా తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

కింద ఆఫీసులో మార్కులు ఎక్కించే కుర్రవాడి దగ్గరికి నేను పోబోతుంటే ఆమె వచ్చింది. దండం పెట్టింది. నా చేతిలో కట్ట మీద తన పేపర్ చూసింది. మీద ఎర్ర సిరాతో పదిహేడు.

"మేడమ్, మూడు ఎక్కడ పోయినయి?"

పేపర్ తిప్పి చూపించాను. నార్మల్ కర్వ్ ఎంత అందంగా గీసిందో. కొసలు కాగితం అంచుదాకా సన్నగా సాగి ఉన్నాయి. అడ్డగీత కింద ఏమీ లేదు. నిలువుగీత పక్కన ఏమీ లేదు.

"గీత కింద ఏమున్నది బిడ్డా?"

ఆమె చూసింది. నాలుక కరుచుకుంది. వెనక బెంచీవాడి చేత కాలేజీ మొత్తానికి గీత కింద ఏముండాలో ఆ మధ్యాహ్నం నేర్పించిన పిల్ల, నా పరీక్షలో మాత్రం రాయడం మరిచిపోయింది. నా టేబుల్ మీది పెన్ను తీసుకుని, వంగి, అడ్డగీత కింద ఒక మాట, నిలువుగీత పక్కన ఒక మాట గుండ్రటి అక్షరాలతో రాసి, పేపర్ నా ముందు పెట్టింది.

"ఇప్పుడు మేడమ్?"

"ఇప్పుడు పరీక్ష అయిపోయింది. పదిహేడే."

పొద్దున నుంచి మొదటిసారి ఆమె నవ్వింది, పళ్లన్నీ కనిపించేటట్టు. నేనూ నవ్వాను. ఆ తర్వాత కిందికి పోయి పదిహేడే ఎక్కించాను.